సంతకానికి ముందు: కిడ్నీ క్యాన్సర్ ట్రయల్స్, సమ్మతి పత్రాల తెలుగు

(హైదరాబాదు లకడీకాపూల్ దగ్గర ఒక సమావేశ మందిరంలో, క్యాన్సర్ రోగుల కుటుంబాలు, వైద్య విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభలోని పెద్దలకు, రోగుల కుటుంబ సభ్యులకు, వైద్య విద్యార్థులకు నమస్కారం.

నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్లు డిగ్రీ కళాశాలలో ఛందస్సు, వ్యాకరణం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. కాబట్టి కొత్త మందులను రోగుల మీద పరీక్షించే కిడ్నీ క్యాన్సర్ ట్రయల్స్ గురించి, వాటిలో చేరే ముందు రోగి సంతకం పెట్టే సమ్మతి పత్రాల గురించి మాట్లాడే అర్హత నాకు ఎలా వచ్చిందో ముందుగా విన్నవించుకోవాలి. మనుషుల మీద కొత్త మందును పరీక్షించే ప్రతి చోటా ఎథిక్స్ కమిటీ అనుమతి, అంటే ఆ పరీక్ష న్యాయంగా, రోగికి క్షేమంగా జరుగుతుందో లేదో చూసే బృందం అనుమతి ఉండాలి. 2019 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ఆ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. వారిలో సగం మందికైనా ఆ సంస్థతో సంబంధం ఉండకూడదు. అధ్యక్షుడు బయటివారే కావాలి. న్యాయ నిపుణులు ఒకరు, మహిళ ఒకరు, వైద్య విద్యతో సంబంధం లేని సామాన్య వ్యక్తి ఒకరు ఉండి తీరాలి. సమావేశం చెల్లడానికి హాజరు కావలసిన అయిదుగురిలో ఆ సామాన్యుడూ ఒకడు. ఈ నగరంలోని ఒక ఆసుపత్రిలో ఆ సామాన్యుడి కుర్చీలో కొన్నేళ్లు కూర్చున్నాను. మొదటి ఏడాది నా పని కోరం నింపడం, టీతో పాటు ఇచ్చే బిస్కట్లు తినడం అనే అనుకున్నాను.

రెండో ఏడాది మా ముందుకు కిడ్నీ క్యాన్సర్ ట్రయల్ ఒకటి వచ్చింది. ఇంగ్లిషులో ఉన్న సమ్మతి పత్రాన్ని ఏదో అనువాద సంస్థ తెలుగు చేసి పంపింది. అందులో ‘డబుల్ బ్లైండ్’ అన్న మాటకు ‘ద్వంద్వ అంధ అధ్యయనం’ అని రాసి ఉంది. సమాసం వికారంగా ఉందని మనసులో గొణుక్కుని ఊరుకున్నాను. మూడు నెలల తర్వాత స్టడీ కోఆర్డినేటరుగా ఉన్న అమ్మాయి చెప్పిన సంగతి విని తల దించుకున్నాను. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక రైతు, అప్పటికే ఆపరేషన్‌లో ఒక కిడ్నీ తీయించుకున్న మనిషి, ఆ పేజీని కొడుకు చేత చదివించుకుని, ‘ఒక కిడ్నీ అయితే పాయె. ఈ మందు ఏసుకుంటే రెండు కండ్లు గూడ పోతయా సారూ?’ అని డాక్టరును అడిగాడట. ఆయన వేళాకోళం ఆడలేదు, రాసింది రాసినట్టు అర్థం చేసుకున్నాడు. ఎవరికి ఏ మందు వెళుతున్నదో ట్రయల్ ముగిసేదాకా మీకూ మీ డాక్టరుకూ కూడా తెలియకుండా గుట్టుగా ఉంచుతారు, ప్రాణం మీదికి వస్తే మాత్రం వెంటనే ఆ గుట్టు విప్పుతారు అని ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ ప్రశ్న పుట్టేదే కాదు. ఆ రోజు నుంచి కమిటీకి వచ్చిన ప్రతి తెలుగు పత్రాన్నీ ఎర్ర సిరా పెన్ను పట్టుకుని చదివాను.

‘ర్యాండమైజేషన్’కు ‘యాదృచ్ఛికీకరణ’ అని రాస్తారు. నా విద్యార్థులలో సగం మందికి దాన్ని పలకడమే రాదు. చీటీ తీసినట్టుగా కంప్యూటరు నిర్ణయిస్తుంది, ఏ గుంపులోకి వెళ్లాలో మీరు గానీ డాక్టరు గానీ ఎంచుకోలేరు అంటే చాలు. చీటీల పాట తెలియని ఇల్లు మన దగ్గర లేదు. ‘ప్లాసిబో’ను ఒక పత్రంలో ‘మాయమందు’ అన్నారు. ఆ మాట వింటే చేతబడి గుర్తుకు వస్తుంది. మందు లేని ఉత్తి బిళ్ళ, చూడటానికి మాత్రం అసలు బిళ్ళలాగే ఉంటుంది అని రాయించాం. ‘ప్రామాణిక సంరక్షణ’ అంటే ఏమిటో నాకే అర్థం కాక అడగవలసి వచ్చింది. ఈ జబ్బుకు ప్రస్తుతం డాక్టర్లు మామూలుగా ఇస్తున్న వైద్యం అని తేలింది. ట్రయల్స్ వివరాలుండే వెబ్‌సైట్లలో ‘రిక్రూటింగ్’ అనే మాట కనిపిస్తుంది, రోగులను చేర్చుకుంటున్నారని దాని అర్థం. మన ఊళ్లలో రిక్రూట్‌మెంట్ అంటే పోలీసు ఉద్యోగాలకు పరుగు పందెం, ఛాతీ కొలత. నవ్వకండి, పోలిక ఒక మేరకు సరిపోతుంది, దాని దగ్గరికి తరువాత వస్తాను.

అసలు కిడ్నీ క్యాన్సర్‌కు ట్రయల్స్ ఇంతగా ఎందుకు అవసరమయ్యాయో ముందు చెప్పాలి. రొమ్ము క్యాన్సర్, రక్త క్యాన్సర్ వంటివాటికి పనిచేసే కీమోథెరపీ మందులకు ఈ జబ్బు లొంగదు. గడ్డ కిడ్నీ దాటకముందే పట్టుకుంటే ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం బాగా ఉంటుంది. ఊపిరితిత్తులకో ఎముకలకో పాకిన తరువాత మాత్రం, ఇరవై ఏళ్ల కిందటి వరకు ఇంటర్‌ఫెరాన్, ఇంటర్‌ల్యూకిన్-2 ఇంజక్షన్లు తప్ప పెద్దగా ఏమీ లేవు, అవి పనిచేసిన రోగులు కొద్దిమందే. ఆ గోడకు మొదటి బీట 1993లో పడింది. వీహెచ్‌ఎల్ అనే జన్యువును ఆ ఏడాది కనుగొన్నారు. కిడ్నీ క్యాన్సర్‌లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే క్లియర్ సెల్ రకంలో ఈ జన్యువు చాలాసార్లు చెడిపోయి ఉంటుంది. అది చెడితే కణం తనకు ఆక్సిజన్ అందడం లేదని పొరబడి, కొత్త రక్తనాళాలు కావాలని కేకలు పెడుతూనే ఉంటుంది. ఆ కేకకు రక్తనాళాలు పుట్టుకొస్తాయి, వాటి రక్తం తాగి గడ్డ పెరుగుతుంది. కణం ఆక్సిజన్‌ను ఎలా పసిగడుతుందో తేల్చినందుకే విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ జ్ఞానం బిళ్ళగా మారి రోగి చేతికి రావడానికి మధ్యలో మనుషులు నిలబడ్డారు. రక్తనాళాలు పుట్టకుండా అడ్డుపడే సొరాఫెనిబ్ అనే మందును 903 మంది కిడ్నీ క్యాన్సర్ రోగుల మీద పరీక్షించారు, వారిలో సగం మందికి వెళ్లింది ఉత్తి బిళ్ళ. మందు వేసుకున్నవారిలో జబ్బు ముదరకుండా నిలిచిన కాలం మధ్యస్థంగా, అంటే సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ అనే లెక్కన, 5.5 నెలలు, ఉత్తి బిళ్ళ వారిలో 2.8 నెలలు. ఆ సంగతి మధ్యంతర లెక్కల్లో తేలగానే ఉత్తి బిళ్ళ మీద ఉన్నవారికి కూడా అసలు మందు ఇచ్చే ఏర్పాటు చేశారు. 2005 డిసెంబరులో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. సునిటినిబ్ అనే మరో మందును 750 మందిలో ఇంటర్‌ఫెరాన్‌తో పోల్చి చూస్తే, జబ్బు ముదరకుండా నిలిచిన కాలం సునిటినిబ్‌తో 11 నెలలు, ఇంటర్‌ఫెరాన్‌తో 5 నెలలు అని తేడా కనిపించింది. లెక్క నెలల్లో ఉందని చిన్నచూపు చూడవద్దు. కూతురి పెళ్లి చూసి పోదామనుకునే తండ్రికి ఆరు నెలలు అంటే ఏమిటో ఈ హాల్లో కూర్చున్నవారికి నేను చెప్పనక్కరలేదు.

సొరాఫెనిబ్ పేరు చెప్పాక హైదరాబాదు పేరు చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మన దేశంలో బేయర్ కంపెనీ ఆ మందును నెలకు సరిపడే 120 బిళ్ళలు 2,80,428 రూపాయలకు అమ్మేది. ఆ ధరకు మన రోగుల్లో ఎందరు కొనగలరు? 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ మన నగరంలోని నాట్కో ఫార్మాకు దాన్ని తయారుచేసే నిర్బంధ లైసెన్సు, అంటే పేటెంటు ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా తయారుచేసుకునే అనుమతి, ఇచ్చారు. 2005లో మందులకు పేటెంట్లు తిరిగి వచ్చాక మన దేశంలో అలాంటి లైసెన్సు అదే మొదటిది. నెల మందు ధర 8,880 రూపాయలు దాటకూడదని, అమ్మకాల మీద పేటెంటు కంపెనీకి 6 శాతం రాయల్టీ చెల్లించాలని షరతులు పెట్టారు, ఆ రాయల్టీని తరువాత 7 శాతం చేశారు. ఈ కథను కమిటీలో నేను పదే పదే గుర్తు చేసేవాణ్ని. ట్రయల్ పత్రంలో ‘భవిష్యత్తు రోగులకు మేలు జరుగుతుంది’ అని ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. ఏ ఊరి భవిష్యత్తు రోగులకు, ఏ ధరకు అన్నది ఆ వాక్యం చెప్పదు.

ఇప్పుడు ఉత్తి బిళ్ళ గురించి. రోగుల బంధువులకు దీని మీద ఉన్నంత కోపం మరి దేని మీదా లేదు. జబ్బు మనిషికి మందు లేని బిళ్ళ ఇవ్వడం మోసం కాదా అని అడుగుతారు. పనిచేసే వైద్యం ఉండగా దాన్ని ఆపి ఉత్తి బిళ్ళ ఇస్తే మోసమే, ఏ కమిటీ అయినా తిప్పి పంపవలసిందే. పనిచేసే వైద్యం ఏదో తెలియనప్పుడు సంగతి వేరు. కిడ్నీ తీసేసిన తరువాత, జబ్బు తిరగబెట్టే ముప్పు ఉన్నవారికి ముందుజాగ్రత్తగా మందు ఇస్తే మేలా కాదా అన్న ప్రశ్న చాలా ఏళ్లు తేలలేదు. సునిటినిబ్, సొరాఫెనిబ్‌లను 1,943 మందిలో అలా ఇచ్చి చూశారు, ఉత్తి బిళ్ళ కంటే మేలేమీ కనిపించలేదు, చేతులూ కాళ్లూ పొక్కడం, బీపీ పెరగడం వంటి బాధలు మాత్రం మిగిలాయి. ఆ తరువాత రోగనిరోధక శక్తిని తట్టిలేపే మందులు వచ్చాయి, ఆ వైద్యాన్ని ఇమ్యునోథెరపీ అంటారు. పెంబ్రోలిజుమాబ్ అనే ఇంజక్షన్‌ను 994 మందిలో మూడు వారాలకు ఒకసారి చొప్పున సుమారు ఏడాది పాటు పరీక్షించారు. నాలుగేళ్లకు మందు తీసుకున్నవారిలో నూటికి 91 మంది, ఉత్తి ఇంజక్షన్ తీసుకున్నవారిలో 86 మంది బతికి ఉన్నారు. అదే కోవకు చెందిన అటెజోలిజుమాబ్‌ను, నివోలుమాబ్-ఇపిలిముమాబ్ జంటను కూడా ఆపరేషన్ అయినవారిలోనే విడివిడిగా పరీక్షిస్తే, రెంటిలోనూ ఫలితం రాలేదు. మూడు ట్రయల్స్ మొదలైనప్పుడు మూడింటి మీదా ఆశ సమానంగానే ఉంది. కొత్త మందు గుంపులో పడటమే అదృష్టం, ఉత్తి బిళ్ళ గుంపులో పడటం దురదృష్టం అని ముందుగా ఎవరు చెప్పగలరు? అంత కచ్చితంగా తెలిస్తే ట్రయలే అక్కరలేదు.

రోగులు చేరకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ కూడా కిడ్నీ క్యాన్సర్‌లోనే ఉంది. జబ్బు ఒంట్లో పాకిన తరువాత కూడా ముందుగా కిడ్నీ తీసేసి, ఆ పైన మందులు ఇవ్వడం ఒకప్పుడు ఆనవాయితీ. మంచి మందులు వచ్చాక ఆ ఆపరేషన్ ఇంకా అవసరమా అని తేల్చడానికి ఫ్రాన్సు డాక్టర్లు కార్మెనా అనే ట్రయల్‌ను 2009లో మొదలుపెట్టారు. 576 మంది కావాలనుకున్నారు. ఎనిమిదేళ్లు ప్రయత్నించినా 450 మంది దగ్గరే ఆగిపోవలసి వచ్చింది. ఇలాంటిదే సుర్‌టైమ్ అనే మరో ట్రయల్‌కు 458 మంది కావలసి ఉండగా దొరికింది 99 మంది. కారణం ఊహించడం కష్టం కాదు. కడుపులో గడ్డ ఉందని తెలిశాక దాన్ని తీసేయాలనే రోగికి అనిపిస్తుంది. ఆపరేషన్ చేయడమే వృత్తి అయిన సర్జన్‌కు కూడా, చీటీలో ‘ఆపరేషన్ వద్దు’ అని వస్తే చేతులు కట్టుకుని కూర్చోవడం మనసొప్పదు. చివరకు 2018లో కార్మెనా ఫలితం వచ్చినప్పుడు, ఆపరేషన్ లేకుండా సునిటినిబ్ ఒక్కటే తీసుకున్నవారు ఏ విధంగానూ వెనుకబడలేదని తేలింది. వారి మధ్యస్థ ఆయుష్షు 18.4 నెలలు, ఆపరేషన్ చేయించుకున్నవారిది 13.9 నెలలు. ఈ ఎనిమిదేళ్లలో ప్రపంచమంతటా ఎందరు అక్కరలేని పెద్ద ఆపరేషన్‌కు ఒళ్లప్పగించి ఉంటారో ఆలోచించండి. ఇమ్యునోథెరపీ మందులు వచ్చాక అదే ప్రశ్నను మళ్లీ కొత్తగా అడుగుతూ వేరే ట్రయల్స్ నడుస్తున్నాయి. ఒక్కసారి తేలితే ఎప్పటికీ తేలినట్టు కాదన్నమాట.

పోలీసు రిక్రూట్‌మెంట్ పోలిక దగ్గరికి వస్తాను. ట్రయల్‌లో చేరతామని వచ్చినవారిని అందరినీ తీసుకోరు. కిడ్నీ క్యాన్సర్ ట్రయల్స్‌లో సాధారణంగా చూసేవి చెబుతాను. గడ్డ క్లియర్ సెల్ రకమా కాదా అని బయాప్సీ రిపోర్టు చూస్తారు. స్కాన్‌లో కొలవదగిన గడ్డ ఒకటైనా ఉందా అని చూస్తారు, లేకపోతే మందు పనిచేసిందో లేదో కొలిచే దారి ఉండదు. మిగిలిన కిడ్నీ ఎంత బాగా వడపోస్తున్నదో రక్తంలోని క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థాన్ని బట్టి లెక్కకడతారు. రక్తనాళాలను అడ్డగించే మందులు బీపీ పెంచుతాయి కాబట్టి బీపీ అదుపులో లేనివారిని ఆపుతారు. ఇమ్యునోథెరపీ ట్రయల్ అయితే కీళ్లవాతం, సోరియాసిస్ వంటి, ఒంటి రక్షణ శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బులున్నవారిని, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారిని వెనక్కి పంపవచ్చు. మన ప్రాంతంలో ముఖ్యంగా క్షయ, హెపటైటిస్-బి పరీక్షల దగ్గర చాలామంది ఆగిపోతారు. నాటు వైద్యుడి పసరు, పొడులు వాడుతున్నవారు ఆ సంగతి దాచవద్దు; దాచి చేరితే కాలేయం దెబ్బతిన్నప్పుడు తప్పు ఏ మందుదో ఎవరూ తేల్చలేరు. అన్నిటికన్నా ముందు, రోగి ఒంట్లో సత్తువ ఎంత ఉందో చెప్పే ఈకాగ్ అనే లెక్క ఒకటి వేస్తారు. సున్నా అంటే జబ్బుకు ముందు ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. ఒకటి అంటే బరువు పనులు చేయలేడు గానీ లేచి తిరుగుతాడు, తేలిక పనులు చేస్తాడు. రెండు అంటే తన పనులు తాను చేసుకోగలడు, ఉద్యోగం మాత్రం చేయలేడు. మూడు అంటే మెలకువగా ఉన్న సమయంలో సగానికి పైగా మంచం మీదో కుర్చీలోనో ఉంటాడు. ఎక్కువ ట్రయల్స్ సున్నా, ఒకటి దగ్గరే గీత గీస్తాయి. ఇందులో ఒక అన్యాయం ఉందని నా అభిప్రాయం. మన దగ్గర జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది. వేసుకున్న నాటు మందులు, చేసిన అప్పులు, తిరిగిన ఊళ్లు అన్నీ అయ్యాక నగరానికి వచ్చే మనిషి అప్పటికే రెండో మూడో అంకెలో ఉంటాడు. గట్టి మనుషుల మీద పరీక్షించిన మందును తరువాత బలహీనులకు రాస్తారు.

చేర్చుకోకపోవడాన్ని ‘స్క్రీన్ ఫెయిల్యూర్’ అంటారు. ఈ మాటను రోగి ముందు అనవద్దని వైద్య విద్యార్థులకు నా మనవి. పరీక్ష ఫెయిల్ అయ్యానని ఏడ్చిన ఒక తల్లిని చూశాను.

ట్రయల్ గురించి ఫోన్లో ఫార్వర్డ్ సందేశం వచ్చినా, మధ్యవర్తి ఎవరైనా చెప్పినా, నమ్మే ముందు సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీ, అంటే దేశంలో జరిగే ట్రయల్స్ నమోదయ్యే వెబ్‌సైటు, చూడండి. 2007 జూలై 20న భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దాన్ని ప్రారంభించింది. 2009 జూన్ నుంచి ట్రయల్స్ అందులో నమోదు కావడం తప్పనిసరి అయింది. 2018 ఏప్రిల్ నుంచి మొదటి రోగిని చేర్చుకోక ముందే నమోదు కావాలి. ఏ ట్రయల్‌కైనా సీటీఆర్‌ఐ అనే మాట, ఏడాది, నెల, ఆపైన ఒక సంఖ్య ఉంటాయి. ఆ పేజీలో హైదరాబాదులోని ఏ ఆసుపత్రి పాల్గొంటున్నదో, బాధ్యత వహిస్తున్న డాక్టరు ఎవరో, అక్కడి ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందో లేదో, దేశంలో ఎందరు, ప్రపంచం మొత్తం మీద ఎందరు కావాలో, చేర్చుకోవడం మొదలైందో, ఆగిపోయిందో అన్నీ ఉంటాయి. చిన్న ముచ్చట ఒకటి: ఆ రిజిస్ట్రీని మొదట నడిపిన ఢిల్లీ సంస్థ పేరు కూడా పొడి అక్షరాల్లో నిమ్స్ అనే అవుతుంది. అది చూసి, నమోదు చేసుకోవడానికి పంజగుట్ట నిమ్స్ ఆసుపత్రి ఓపీకి వెళ్లి ఒక పూట నిలబడి వచ్చిన పెద్దమనిషి ఒకరు నాకు తెలుసు.

డబ్బు ఇస్తామని రమ్మంటే మాత్రం అది వేరే వ్యవహారమని గ్రహించండి. ఆరోగ్యవంతుల మీద మందు రక్తంలో ఎంత చేరుతున్నదో చూసే అధ్యయనాలు ఈ నగరంలో చాలా జరుగుతాయి, వాటికి పారితోషికం ఉంటుంది. 2011లో పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను అలా తీసుకువచ్చారన్న వార్త మీలో కొందరికి గుర్తుండవచ్చు. రోగుల మీద జరిగే ట్రయల్‌లో పరీక్షిస్తున్న మందు ఉచితంగా ఇవ్వాలి, రానుపోను ఖర్చులు ఇవ్వవచ్చు. అంతకుమించి ఆశ చూపడం సమ్మతిని కొనడమే అవుతుంది.

కిడ్నీ ఒక్కటే కాక ఇతర గడ్డలకు కూడా కలిపి జరిగే ట్రయల్స్ గురించి కొంత చెప్పాలి. మొదటి దశ ట్రయల్స్‌లో సాధారణంగా రకరకాల క్యాన్సర్ల రోగులను కలిపి తీసుకుంటారు, ఎందుకంటే అక్కడి ప్రశ్న మందు నయం చేస్తుందా అన్నది కాదు, ఎంత మోతాదు వరకు ఒళ్లు తట్టుకుంటుంది అన్నది. పాత పద్ధతిలో ముగ్గురికి ఒక మోతాదు ఇచ్చి, వారు తట్టుకుంటే మరో ముగ్గురికి కాస్త పెంచి ఇస్తారు. ఇది మెట్లు ఎక్కడం లాంటిది. మొదటి మెట్టు మీద నిలబడినవారికి మందు చాలకపోవచ్చు, చివరి మెట్టు మీద ఉన్నవారికి ఎక్కువై బాధ పెట్టవచ్చు. పత్రంలో ఈ మాట పచ్చిగా ఉండాలి. ఇటీవల ‘బుట్ట’ ట్రయల్స్ వచ్చాయి. గడ్డ ఏ అవయవంలో పుట్టిందన్నది పక్కన పెట్టి, జన్యువులో ఒకే రకం మార్పు ఉన్నవారినందరినీ ఒకే బుట్టలో వేస్తారు. లారోట్రెక్టినిబ్ అనే మందు మీద వెలువడిన మొదటి ఫలితాల్లో ఉన్నది 55 మంది, వారిలో నాలుగు నెలల పసివాడి నుంచి 76 ఏళ్ల వృద్ధుల వరకు ఉన్నారు, క్యాన్సర్లు 17 రకాలు, నాలుగింట మూడు వంతుల మందిలో గడ్డ కుంచించుకుపోయింది. అలాంటి ఫలితం అరుదు. పత్రికల్లో శీర్షికకు ఎక్కేది అదే కాబట్టి ప్రతి మొదటి దశ ట్రయల్ అలాగే ఉంటుందని జనం అనుకుంటారు.

మన దేశం అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయని కూడా చెప్పాలి. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లు తల, మెడ క్యాన్సర్ రోగులు 151 మందిలో, తక్కువ ఖర్చుతో నోటి ద్వారా ఇచ్చే మందులకు తోడుగా నివోలుమాబ్‌ను మూడు వారాలకు 20 మిల్లీగ్రాముల చొప్పున, అంటే మామూలు మోతాదులో చిన్న భాగం మాత్రమే ఇచ్చి చూశారు. ఏడాదికి బతికి ఉన్నవారు నూటికి 16 నుంచి 43కు పెరిగారు. పూర్తి మోతాదు కొనగలిగిన దేశాల్లో ఈ ప్రశ్న అడగవలసిన అవసరం ఎవరికి వస్తుంది? ఇలాంటి ట్రయల్ వస్తే నేను కమిటీలో కాస్త పక్షపాతంతోనే మాట్లాడేవాణ్ని, ఒప్పుకుంటున్నాను.

సమ్మతి దగ్గర అసలు చిక్కు భాషతో తీరదు. డాక్టరు ఎదుట మన రోగి, ‘మీరే దేవుడు సారూ, మీరెట్ల చెప్తె గట్ల’ అంటాడు. అది గౌరవం, సమ్మతి కాదు. వైద్యం చేసే డాక్టరే ట్రయల్‌ను కూడా నడుపుతున్నప్పుడు, ఆయన చేసేదంతా తన మేలు కోసమే అని రోగి అనుకోవడం సహజం. 1982లో అమెరికాలో పాల్ అపెల్‌బామ్, ఆయన సహచరులు ఈ పొరపాటుకు ఒక పేరు పెట్టారు. తెలుగులో దాన్ని నేను వైద్య భ్రమ అంటాను. వైద్యంలో డాక్టరు మీ ఒంటిని బట్టి మందు మారుస్తాడు. ట్రయల్‌లో మందు, మోతాదు, స్కాన్ తేదీ అన్నీ ముందే రాసి పెట్టిన ప్రణాళికను బట్టి నడుస్తాయి, ఎందుకంటే అక్కడ వెతుకుతున్నది ఒక ప్రశ్నకు జవాబు. రెండింటిలోనూ మీకు మేలు జరగవచ్చు. రెండూ ఒకటే అనుకుని సంతకం పెట్టవద్దు. అందుకే ఫారం ఇంటికి పట్టుకెళ్లనివ్వాలని, కనీసం ఒక రాత్రి గడవనివ్వాలని మా కమిటీ పట్టుబట్టింది.

ఇంకొక చిక్కు ఇంట్లో ఉంటుంది. ఒక యువకుడు కోఆర్డినేటరు దగ్గరికి వచ్చి, ‘మా నాయినకు క్యాన్సర్ అని తెల్వది మేడం, కిడ్నీల రాయి అని చెప్పినం, సంతకం నేను చేస్త’ అన్నాడు. ఆ కొడుకు ప్రేమను నేను తప్పు పట్టను; మన ఇళ్లలో పెద్దవారికి చెడు కబురు చెప్పకపోవడం ఒక మర్యాద. కానీ సమాచార పత్రంలో మొదటి వాక్యమే ‘మీకు కిడ్నీ క్యాన్సర్ ఉన్నందువల్ల’ అని మొదలవుతుంది, తెలివిలో ఉన్న మనిషి బదులు మరొకరు సంతకం పెట్టడానికి వీల్లేదు. చదువు రానివారైతే, చదువు వచ్చిన, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఎదుట అంతా చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. పూర్తిగా కొత్త మందు అయితే, నిస్సహాయ స్థితిలో ఉన్నవారి విషయంలో, ఆ సంభాషణ మొత్తం వీడియో తీయాలని 2015 నుంచి నియమం ఉంది. చివరకు డాక్టరు ఆ తండ్రిని ఒంటరిగా కూర్చోబెట్టి, జబ్బు గురించి మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది అని మెల్లగా అడిగారు. ఆయన నవ్వి, ‘రాయికైతె క్యాన్సర్ దవాఖానకు ఎందుకు తోలుకొస్తరు సారూ? బోర్డు సదువుడు నాకు రాదా? పోరడు బాధపడతడని ఊకున్న’ అన్నాడట. ఆయన పత్రమంతా విని, నాలుగు ప్రశ్నలు అడిగి, చేరనని చెప్పాడు. ప్రతి మూడు వారాలకు బస్సెక్కి రావడం తన వల్ల కాదన్నాడు. ఆయనకు మామూలు వైద్యం ఏ లోటూ లేకుండా సాగింది. చేరకపోయినా, మధ్యలో మానుకున్నా వైద్యం ఆగకూడదన్నది నియమం.

ఇంటి పెద్దల బదులు వేరే వారు సంతకం పెడితే ఏమవుతుందో ఉమ్మడి రాష్ట్రం ఒకసారి చూసింది. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేసిన ప్రాజెక్టులో చాలా పత్రాల మీద తల్లిదండ్రుల చోట హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే, టీకా వేయించుకున్న బాలికల్లో అప్పట్లో జరిగిన కొన్ని మరణాలకు టీకా కారణం కాదనే విచారణలో తేలింది. అయినా ఆ సంతకాల వల్ల పోయిన నమ్మకం తిరిగి రావడానికి చాలా కాలం పట్టింది.

నష్టపరిహారం గురించి రోగులు అడగరు, అడగడం అపశకునం అనుకుంటారు. నేను అడిగేవాణ్ని. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి. మరణం సంభవించి, అది ట్రయల్ వల్లేనని తేలితే, 8 లక్షల రూపాయల మూలం తీసుకుని, వయసును బట్టి ఒక అంకెతో, జబ్బు తీవ్రతను బట్టి మరో అంకెతో గుణించి లెక్కకడతారు. అరవై అయిదు దాటిన ఆరోగ్యవంతుడికి ఆ లెక్కన 32 లక్షలు వస్తాయి. అదే వయసులో, ఆరు నెలలకు మించి బతకరని అంచనా వేసిన రోగికి వచ్చేది 4 లక్షలు. లెక్క వేసినవారి తర్కం నాకు అర్థమవుతుంది, కానీ మింగుడు పడదు. ఆ ఆరు నెలలే ఆయనకు మిగిలిన ఆస్తి కదా అని ఒకసారి కమిటీలో అన్నాను. న్యాయ నిపుణురాలు నా వైపు చూసి, ‘మాస్టారూ, నియమం మార్చే అధికారం మనకు లేదు, ఈ సంగతి రోగికి తెలిసేలా రాయించే అధికారం ఉంది’ అన్నారు. అలాగే రాయించాం.

చివరిగా ఒక నియమం చెబుతాను, ఎందుకంటే అడిగితే తప్ప దీన్ని ఎవరూ గుర్తు చేయరు. ట్రయల్ ముగిసినప్పుడు ఆ మందు మీకు పనిచేస్తూ ఉండి, దానికి బదులు వేరే వైద్యం లేకపోతే, డాక్టరు సిఫారసు చేసి ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే, స్పాన్సర్ కంపెనీ దాన్ని ఉచితంగా కొనసాగించాలి. 2019 నియమాల్లో ఇది 27వది. నా ముందుకు వచ్చిన పత్రాల్లో ఈ విషయం చాలాసార్లు చివరి పేజీకి ముందు, ఫోన్ నంబర్ల పైన, చిన్న అక్షరాల్లో ఉండేది. కొన్నిటిలో ఉండేదే కాదు. దాన్ని మొదటి రెండు పేజీల్లోకి తెమ్మని అడిగితే స్పాన్సర్ ప్రతినిధులు నమూనా మార్చడం కుదరదనేవారు. మూడు ట్రయల్స్‌కు అనుమతి ఆపిన తరువాత కుదిరింది. మీకు ఫారం ఇచ్చినప్పుడు ఆ పేరా ఎక్కడ ఉందో చూపించమని కోఆర్డినేటరును అడగండి. మీ సంతకం ఉన్న పత్రం నకలు ఒకటి మీ చేతికి ఇవ్వాలి, అది కూడా అడిగి తీసుకోండి.